అమావాస్యకు మోగే డబ్బాలు

తిరువళ్ళూరులో చెవులు పరీక్షించే గది మా ఇంటి బీరువా కంటే కాస్త పెద్దది, అంతే. లోపల కూర్చోబెట్టి, తలుపు బిగించి, చెవులకు రెండు డిప్పలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలట. అద్దం అవతల కూర్చున్న పిల్ల ఏదో తిప్పింది. నా కుడి చెవిలో సన్నగా, నున్నగా, "ఊ…" అని ఒక కూత మొదలైంది.

నాకు నవ్వు ఆగలేదు. మీట సంగతి మరిచిపోయి పకపకా నవ్వాను. ఆ పిల్ల డిప్పల్లోంచే, నన్ను అవ్వను చేసి, అరవంలో కసిరింది. "పాట్టీ, నవ్వితే టెస్టు కాదు!" నవ్వక ఏం చెయ్యమంటుంది? ఈ కూత పుట్టడానికి ఒక మనిషి పడిన పాట్లు నా కళ్ళారా చూశాను. ఇక్కడ ఈ పిల్ల మీట తిప్పగానే పుడుతోంది, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు. ఆయన చూసి ఉంటే యంత్రం మూత విప్పేదాకా గదిలోంచి కదిలేవాడు కాడు.

ఆయన పోయి నెల కూడా కాలేదు. నా చెవి సంగతి నాకు తెలిసిందీ ఆ రోజే. అదెలాగో చివర్లో చెబుతాను. ముందు మనిషిని చూడండి.

పేరు రాయను. రాసినా పొదటూరుపేటలో సగం మందికి తెలియదు. డబ్బాలన్న అంటే మాత్రం బస్టాండులో పూలమ్మే ఆమె కూడా బుట్ట వదిలేసి లేచి దారి చూపించేది. డెబ్బైల చివర్లో నేను ఆ ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. మాది కడంబత్తూరు దగ్గర రైతుల ఇల్లు; బావి మోటారు తప్ప వేరే చప్పుడు ఎరగం. ఇక్కడ నాకు నేత వీధిలో మిద్దె మీద గది దొరికింది. కింద అన్నదమ్ములిద్దరి కాపురాలు, వెనక రేకుల షెడ్డులో పవర్‌లూములు. పొద్దున మొదలుపెడితే టకటకటకటక. మొదటి వారం తిరిగేసరికి అన్నం కూడా ఆ తాళానికే నమలడం వచ్చేసింది నాకు.

పెట్టె దించగానే అన్నగారు, ఆయన్ని నేను పెద్దన్న అనేదాన్ని, అడగవలసినవన్నీ అడిగాడు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇంత దూరం ఒంటిగా ఎట్లా పంపినారు, పెళ్ళెప్పుడు. తమ్ముడు, అదే మన డబ్బాలన్న, ఇవేవీ అడగలేదు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, చెవి వెనక పెన్సిలుకు బదులు చిన్న స్క్రూడ్రైవరు దోపుకుని నిలబడి, "అమ్మణ్ణీ, మీ ఆఫీసులో ఈ పక్క నుంచి ఆ పక్కకి గుచ్చే తీగలుంటాయే, అవి పాతబడితే యాడ పారేస్తారు?" అన్నాడు.

అన్నాడంటే, అరిచాడు. ఆ వీధిలో ఎవరూ అనరు, అందరూ అరుస్తారు. మగ్గాల మధ్య పుట్టి పెరిగిన గొంతులు మరి. షెడ్డు లోపల అరిచినా లాభం ఉండదు కాబట్టి అక్కడ చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి తగిలిస్తే టీ. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. అరచేతిని గాలిలో మెల్లగా జరిపితే గుడ్డ నున్నగా ఉంది. జరుపుతూ జరుపుతూ ఒక వేలు పైకి లేపితే, అక్కడ ముడో నూగో ఉంది. నాకు ఆ భాష ఎక్స్ఛేంజిలో ట్రైనింగు కంటే తొందరగా వచ్చింది.

తీగలు ఆయనకు చివరికి దొరికాయి. మా ఆఫీసువాళ్ళు పాత సామాను వేలం వేసినప్పుడు ఒక గోతం నిండా పాడుకుని, నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చుకున్నాడు. వాటితో ఏం చేస్తాడా అని షెడ్డు పక్కనున్న కొట్టంలోకి తొంగి చూశాను. గోడ పొడుగునా బల్ల, బల్ల మీద డబ్బాలు. బిస్కట్ డబ్బాలు, పౌడరు డబ్బాలు, పెళ్ళిలో వదినకు, అంటే ఆయన భార్యకు, పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు టిఫిను కూడా. ప్రతిదానికీ చిల్లులు, చిల్లుల్లో నేను దినమంతా గుచ్చే సాకెట్ల లాంటివే సాకెట్లు. ఒక డబ్బా అలను పుట్టిస్తుంది. ఒకటి దాన్ని గీకుతుంది. ఒకటి వడగడుతుంది. ఒకటి పెంచి తగ్గిస్తుంది. ఏ డబ్బాకాడబ్బా మూగదే. దీనికీ దానికీ తీగ గుచ్చితే నోరొస్తుంది.

మద్రాసులో లుంగీల మూట దింపడానికి పోయి, వేరే తలుపు తోసుకుని సినిమా పాటల స్టూడియోలోకి దూరాడట ఒకసారి. అక్కడ గోడంత విదేశీ యంత్రం ఉంది. నిండా చిల్లులు, నిండా తీగలు. వాచ్‌మన్ మెడ పట్టి గెంటే లోపల చూసినంత చూసుకున్నాడు. "సినిమావాళ్ళు కూడా ఎక్స్ఛేంజి పెట్టుకోనుండారు అమ్మణ్ణీ, అయితే ఆ పక్క మనిషి లే, ఒట్టి శబ్దమే!" అని చెప్పేవాడు. ఆ తరువాత పాత పుస్తకాల అంగళ్ళలో ఎలెక్ట్రానిక్సు పత్రికలు వెతికి తెచ్చి, బొమ్మలు చూసి చూసి, ఒక్కొక్క డబ్బా కట్టాడు.

"ఇంతా చేసి దీంట్లోంచి నీకేం కావాలన్నా?" అని అడిగాను.

"సైను."

"అంటే?"

"నూలుపోగు చూసినావు గదా. చూస్తే ఒగటే పోగు. ఎండలో పట్టి చూడు, చుట్టూరా సన్నంగా నూగుంటాది. శబ్దం కూడా అంతే. నాదస్వరం ఊదితే ఒగటే స్వరం అనుకుంటావు. దాని మింద ఇంకో సన్నది, దాని మింద ఇంకా సన్నది, అట్లా నూగు. ఆ నూగును బట్టే ఇది నాదస్వరం, ఇది మాయన్న గొంతు అని తెలిసేది. నూగంతా తీసేస్తే ఒంటి పోగు మిగులుతుంది చూడు, అదే సైను. దానికి పేరు లే, ఊరు లే. సుమ్మా, ఊరికినే ఉంటాది."

"పేరూ ఊరూ లేనిది నీకేమిటికన్నా?"

"ఉందో లేదో చూడాల గదా!" అని నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

అది ఊరికే దొరికేది కాదు. డబ్బాలో మొదట పుట్టే అల ముక్కోణంగా ఉంటుందట, కొండ కొసలాగా. రెండు మరలు తిప్పి ఆ కొసను గుండ్రంగా గీకాలి. తక్కువ గీకితే మొన మిగులుతుంది, ఎక్కువ గీకితే చదునైపోతుంది. రెండింటిలోనూ నూగు వస్తుంది. "తిరుత్తణి కొండ మింద గుండు ఎవడైనా కొడతాడు. గుండ్రంగా క్రాపు కొట్టేదే కష్టం" అనేవాడు.

నూగు ఎంత మిగిలిందో పట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. వడగట్టే డబ్బాతో అసలు స్వరాన్ని పట్టి ఆపేసి, మిగిలిన చెత్తను మాత్రమే స్పీకరుకు పంపేవాడు. ఏమీ వినపడకపోతే శుద్ధం. కీచుమంటే ఇంకా నూగుంది. ఒక పాత రేడియో అంగడి నుంచి తెచ్చిన సూది మీటరు కూడా ఆ డబ్బాకు తగిలించి ఉండేది, నూగున్నంతసేపూ సూది లేచి నిలబడుతుంది. కాని ఆయన దాని మొహం చూసేవాడు కాదు. "చెవి ఉండగా సూది ఏమిటికి?" అనేవాడు గొప్పగా. దాని అద్దం మీద ఎప్పుడూ టీ గ్లాసు పెట్టి ఉండేది.

ఈ ఉపాయాన్ని మనుషుల మీద కూడా వాడేవాడు. ఎన్నికల మైకు వీధిలోంచి పోతే చెయ్యెత్తి ఆపి, "అసలు మాట తీసేసి ఇను. మిగిలిందంతా నూగే. అసలు మాట యాడుండాదో నువ్వు చూసినావా?" అనేవాడు. పెద్దన్న రోజూ తిట్టే తిట్ల గురించి ఒకసారి అడిగితే, "మాయన్న తిట్లల్లో తిట్టు తీసేయ్, మిగిలేది ఏడుపే, నా బతుకు ఏమైపోతుందో అని" అన్నాడు. ఇంత తెలిసిన మనిషికి శబ్దంలో తప్ప ఇంకెక్కడా శుద్ధం పట్టేది కాదు. సంగటిలో పెరుగు, పెరుగులో పులుసు, పులుసులో నిన్నటి ఊరగాయ. వదిన నెత్తి కొట్టుకునేది.

ఇక అమావాస్య. నేతవాళ్ళకు అమావాస్య సెలవు. పండగ రోజు కూడా ఎవడో ఒకడు మగ్గం తోలుతాడేమో గాని అమావాస్య నాడు వీధి వీధంతా నిలిచిపోవలసిందే. మామూలు రోజుల్లో అన్ని మోటార్లు తిరుగుతుంటే కరెంటు ఎగిరెగిరి పడేది, ఆ వణుకంతా డబ్బాల కూతలోకి వచ్చేది, ఆ టకటకలో వినడానికీ ఏమీ ఉండేది కాదు. అందుకని ఆయనకు నెలకు ఒక్క పూటే. లోకమంతా వెన్నెల కోసం చూస్తే ఈయన అమావాస్య ఎప్పుడా అని క్యాలెండరు ముందు నిలబడేవాడు. ఆ పొద్దున మగ్గాల చప్పుడు లేక నాకు మెలకువ వచ్చేది. తరువాత కింద నుంచి "ఊ…" అని మొదలయ్యేది. తరువాత పెద్దన్న తిట్లు.

పెద్దన్న కోపంలో న్యాయం లేకపోలేదు. తమ్ముడు కొట్టంలో ఉన్నంతసేపూ అతని వంతు మగ్గాలు నిలిచిపోయేవి. అలా ఉండగా ఒకసారి మద్రాసు పోయినప్పుడు డబ్బాలన్న ఆ స్టూడియో సంగీతం మాస్టరును గేటు దగ్గర పట్టేసుకుని తన డబ్బాల కథంతా చెప్పేశాడు. ఆయన ఏ కళనున్నాడో, "మా యంత్రంలో స్వరం టీ తాగి వచ్చేలోపల జారిపోతుందయ్యా. జారకుండా, శుద్ధంగా నిలిచేది నీ దగ్గరుంటే ఆడినెల, అదే ఆషాఢం, పోయినాక తీసుకురా, విందాం" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే పెద్దన్న వీధి మధ్యలో నిలబడి తీర్పు చెప్పాడు.

"సరే, ఈ ఒక్క తూరి. మెడరాసువాళ్ళు బాగుండాదంటే నేను మళ్ళా నోరెత్తను. బాగలేదని నవ్వినారంటే మాత్రం డబ్బాలన్నీ అటకెక్కాల. నువ్వు మగ్గం కాడ కూచోవాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా" అన్నాడు డబ్బాలన్న. అంత ధైర్యం ఎందుకంటే, ఆయన లెక్కలో సైను అప్పటికే వచ్చేసింది. నూగు వినపడటం మానేసి చాలా రోజులైంది.

ఆడి అమావాస్య వచ్చింది. మద్రాసు ప్రయాణానికి ముందు అదే చివరి అమావాస్య. ఆ రోజు పెద్దలకు పెట్టుకునే రోజు కూడా. పెద్దన్న తలస్నానం చేసి, తర్పణం వదిలి, ఆకులో అన్నం, వడ, పాయసం పెట్టుకుని నా గది ముందు పిట్టగోడ మీద ఉంచి, "కా, కా" అని పిలుస్తున్నాడు. కాకులు వచ్చి తింటే పెద్దలు తిన్నట్టు; అవి ముట్టేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం లేదు. తీగ మీద ఏడెనిమిది కాకులు వరసగా కూర్చుని ఆకువైపే చూస్తున్నాయి. ఒకటి రెక్క విప్పింది కూడా.

కింద కొట్టంలో మీట పడింది. "ఊ…" అని వచ్చింది, దాని నెత్తిన "క్రీ…" అని ఇంకొకటి వచ్చింది. పలక మీద మేకు గీసినట్టు, సన్నగా, పళ్ళు జివ్వుమనేట్టు. కాకులన్నీ ఒక్కసారి లేచి రెండు వీధుల అవతలికి పోయాయి.

"ఒరేయ్! మా నాయన పస్తు పోయినాడు రా నీ డబ్బాల దెబ్బకు!" అని పెద్దన్న మెట్లు దిగాడు. ఆయన వెనక నేను.

"నా డబ్బాలేం చేసినాయి? ఇనుకో, వెన్న మాదిరి ఉండాది" అన్నాడు తమ్ముడు.

ఆ అరుపులకు వీధంతా కొట్టం ముందు చేరింది. సెలవు రోజు కదా, ఎవరికీ పని లేదు. అందరూ చెవులు రిక్కించి విన్నారు. విని, ఒకరి తరువాత ఒకరు అరచేయి చాపి గాలిలో నున్నగా జరిపారు. ఒక్కడి వేలూ లేవలేదు. "ఆమా, ఔను, వెన్నే" అన్నారు. పెద్దన్న కూడా కాసేపు విని, ఇష్టం లేకుండానే చెయ్యి జరిపాడు. మరి కాకులకు ఏం రోగమో ఆయనకు అంతుపట్టలేదు.

ఇన్నాళ్ళూ ఆ కీచు వినపడితే, ఇంకా గీకుతున్నాడు కాబోలు అనుకునేదాన్ని. నేను చెవులు మూసుకుని నిలబడి ఉన్నాను, ఈ మనుషులకు ఆ కీచు వినపడటం లేదు. ఒక్కరికి కూడా! పుట్టినప్పటి నుంచి మగ్గాల పక్కన ఉన్న చెవులు అవి. చెప్తే ఈయన గుండె పగులుతుంది. చెప్పకపోతే ఇదే కీచును తీసుకుపోయి మద్రాసులో వినిపిస్తాడు, వాళ్ళు నవ్వుతారు, డబ్బాలు అటకెక్కుతాయి. నా నోరు మామూలుగానే ఆగదు, ఆ రోజు అసలే ఆగలేదు.

"అన్నా, పైన ఒకటి అరుస్తా ఉందన్నా."

"యాడ?"

"అదే, 'ఊ' పైన. కీచుమని."

వీధంతా నన్ను జాలిగా చూసింది. "పాపం, దినామూ చెవికి అదేందో తగిలించుకుంటాది గదా ఆఫీసులో, చెడిపోయింటాది" అంది పక్కింటి ఆమె. నాకు ఒళ్ళు మండిపోయింది. చెవి చెడిపోయింది నాదా!

"అసలు స్వరం తీసెయ్యన్నా. నూగు మాత్రం వినిపించు."

తీగ మార్చి గుచ్చాడు. 'ఊ' ఆగిపోయింది. కీచు ఒక్కటే మిగిలి కొట్టమంతా నిండింది. ఆయన చెవి స్పీకరుకు ఆనించి, వీధివైపు తిరిగి చేతులు చాపాడు. "ఏమీ లే. చూసినారా? ఏమీ లే!"

నేను పోయి, సూది మీటరు మీద ఉన్న టీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

సూది ఆ చివర నిలబడి ఉంది.

ఆయన వంగి చూశాడు. గోటితో అద్దం మీద కొట్టాడు. తీగ పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చాడు. సూది పడిపోయి, మళ్ళీ లేచి అక్కడే నిలబడింది. తీగ పీకితే పడుతుంది, గుచ్చితే లేస్తుంది. ఎన్నిసార్లు చేశాడో. తరువాత ఆయన మెల్లగా వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. సగం మంది చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"సూదికి ఇనపడతా ఉండాది" అన్నాడు. "మనకే ఇనపడలే."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు వచ్చేసింది, దేవుడా ఈ నోరెందుకిచ్చావు అనుకున్నాను. ఆయన మాత్రం ముక్కాలి పీట మీద కూర్చుని, మీటరు వంక కాసేపు అలాగే చూసి, హఠాత్తుగా నవ్వాడు.

"మా నాయన కూడా చివర్లో ఇంతే. మేము మాట్లాడతా ఉంటే నోళ్ళు చూసేవాడు. అప్పుడు మాకు నవ్వులాటగా ఉండె." చెవి వెనక నుంచి స్క్రూడ్రైవరు తీశాడు. "కాకులకుండే చెవి మాకు లేదని ముందే చెప్పరాదా అమ్మణ్ణీ? సరే, నువ్వు ఇను, నేను తిప్పతా."

నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఆయన ఒక మర వెంట్రుకవాసి తిప్పుతాడు. కీచు పెరిగితే నా వేలు లేస్తుంది, తగ్గితే చెయ్యి జరుగుతుంది. వీధంతా నా చేతినే చూస్తోంది. ఆ మర, ఈ మర, మళ్ళీ ఆ మర. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఇళ్ళల్లో పిల్లలకు ఆకలి, మిద్దె మీద ఆకులో అన్నం ఎండిపోతోంది, పెద్దన్న మెట్ల మీద కూర్చుని పైకీ కిందికీ చూస్తున్నాడు. కీచు సన్నబడింది. దోమ అంత అయింది. దోమ దూరంగా పోయింది. ఒకచోట, ఉన్నట్టుండి, అక్కడ ఏమీ లేదు. నా చెయ్యి గాలిలో అలా జారిపోయింది, ఎక్కడా వేలు లేవలేదు. కళ్ళు తెరిచి చూస్తే సూది పడుకుని ఉంది.

"వచ్చినాడు రా! మా నాయన వచ్చినాడు!" అని పైనుంచి పెద్దన్న కేక. పిట్టగోడ మీద కాకి వడను ముక్కున కరుచుకుని ఉంది.

మద్రాసుకు నన్నూ వదిననూ కూడా తీసుకుపోయాడు. ఒకరు చెవి, ఒకరు చపాతీలు. తిరుత్తణిలో రైలెక్కితే డబ్బాల బుట్ట చూసి టికెట్లు తనిఖీ చేసే ఆయన పది ప్రశ్నలు వేశాడు. ఈయన జవాబుగా తీగలు గుచ్చబోతే ఆయన భయపడి పక్క పెట్టెలోకి పోయాడు. స్టూడియోలో మాస్టరు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. టీ తెప్పించుకుని, తాగి, మళ్ళీ విన్నాడు. స్వరం ఉన్నచోటే ఉంది. చివరికి కళ్ళు తెరిచి, "శుద్ధంగా ఉందయ్యా. దీంట్లో ఏమీ లేదే!" అన్నాడు.

నాకు ముఖం మాడిపోయింది. డబ్బాలన్న ముఖం మాత్రం వెలిగిపోయింది. టేపు మీద ఆ కూత ఎక్కించుకుని మమ్మల్ని పంపేశారు. తిరుగు రైల్లో తిరువళ్ళూరు దాటేదాకా ఆయన ప్రతి కొత్త ప్రయాణికుడికీ చెప్పాడు. "ఏమీ లేదన్నాడయ్యా! అంత పెద్దాయన, చెవి పెట్టి ఇని, ఏమీ లేదన్నాడు!"

ఆ కూత సినిమాలో వచ్చింది. తిరుత్తణి టాకీసుకు బస్సులో వీధంతా పోయి రెండు వరసలు నింపాం. పాటలన్నీ అయిపోయాయి, మా కూత రాలేదు. చివర్లో హీరో తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంది. పక్కనున్న పెట్టెలో పచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. గీత పడుకుంది. "ఊ……" అని వచ్చింది. శుద్ధంగా, నూగు లేకుండా, హాలు నిండా.

మా రెండు వరసలూ లేచి నిలబడి విజిళ్ళు వేశాయి. ఒకడు చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. వెనక వరసలో ఒకాయన మండిపడ్డాడు.

"తల్లి చచ్చిపోతే విజిలేస్తారేందిరా, మీరు మనుషులేనా?"

పెద్దన్న కళ్ళ నిండా నీళ్ళతో వెనక్కి తిరిగాడు. "ఆ కూత మా తమ్మునిదయ్యా!"

"అయ్యో, ఆయన ఎప్పుడు పోయినాడు?" అన్నాడు ఆ మనిషి, మెత్తబడిపోయి. డబ్బాలన్న లేచి ఆయనకు నమస్కారం పెట్టాడు.

డబ్బాలు అటకెక్కలేదు. ఇంకే మాస్టరూ పిలవలేదు, అది వేరే సంగతి. ఆ ఒక్క కూతనే చాలా సినిమాల్లో చాలామంది చచ్చిపోయినప్పుడు వాడుకున్నారని మాత్రం విన్నాం. ఎవరు పోయినా మా వీధి విజిలేసేది. నాకు పెళ్ళయింది, తిరువళ్ళూరుకు బదిలీ అయింది, ఎక్స్ఛేంజిలో తీగలు పోయి ఆటోమేటిక్ వచ్చింది. కుదిరిన అమావాస్యకు బస్సెక్కి పోయేదాన్ని. ఆయన చెవి ఏటేటా కిందికి దిగింది. చివరికి 'ఊ' కూడా పోయింది. అరచేయి డబ్బా మీద ఆనించి, ఆ అదురును బట్టి వినేవాడు. అప్పుడు కూడా సూది ముందు కూర్చుని నా వంక చూసి, "ఎట్లుండాది అమ్మణ్ణీ?" అని అరిచేవాడు. నేను చెయ్యి జరిపేదాన్ని, అవసరమైతే వేలు లేపేదాన్ని. మర తిప్పేవాడు. సూదిని చూసి తిప్పుకోవచ్చు కదా అంటే, "సూది చెప్తాది, నువ్వు ఇంటావు. రెండూ ఒగటేనా?" అనేవాడు.

పోయిన నెల పెద్దన్న కోడలు ఫోను చేసింది. నిద్రలోనే పోయాడట. నేను దిగేసరికి వీధి నిశ్శబ్దంగా ఉంది. అమావాస్య కాదు, మామూలు పనిరోజు. వీధిలో ఎవరైనా పోతే ఎత్తేదాకా మగ్గాలు తోలరు. ఇంత మంది మధ్య అంత నిశ్శబ్దం ఆయన బతికుండగా దొరికి ఉంటే ఎంత సంబరపడేవాడో అనిపించి, ఏడవడానికి వచ్చినదాన్ని వాకిట్లోనే నిలిచిపోయాను.

పాడె కట్టేశారు. పెద్దన్నకు ఇప్పుడు ఒళ్ళంతా వణుకు, చెవులు ఎప్పుడో పోయాయి. నన్ను చూసి లేచాడు.

"మగ్గాలు నిలిచినాయి గదా" అని అరిచాడు. "ఇదే అదను."

కొట్టంలోంచి ఒక్కొక్క డబ్బా తనే తెచ్చి తమ్ముడి పక్కన పెట్టాడు. ఆయన వాటిని తిట్టడమే గాని ముట్టడం నేనెన్నడూ చూడలేదు. ఏ తీగ ఎక్కడ గుచ్చాలో ఒక్కటీ తడబడకుండా గుచ్చాడు. మీట వేశాడు. నా వంక చూశాడు.

"ఎట్లుండాది మ్మా?"

కళ్ళు మూసుకున్నాను. 'ఊ' ఉంది. దాని పైన ఏమీ లేదు, వెన్న. అరచేయి చాపి జరపబోతూ కళ్ళు తెరిచాను. సూది లేచి నిలబడి ఉంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. "పెద్దన్నా, నాకూ పైది ఇనపడలే ఇప్పుడు" అన్నాను. ఆయనకు అదీ వినపడదు కదా. నా చెవి చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపి, సూదిని చూపించాను. అర్థమైంది. తల పంకించాడు.

"పొద్దు వాలుతా ఉండాది తాతా, ఎత్తాల" అన్నారు ఎవరో. ఆయన వినలేదు. తమ్ముడి చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. స్క్రూడ్రైవరు అక్కడే ఉంది, స్నానం చేయించినాక వదిన మళ్ళీ దోపినట్టుంది. అది తీసుకుని డబ్బా ముందు కూర్చుని మర తిప్పడం మొదలుపెట్టాడు. వణికే చెయ్యి మర దగ్గరికి వచ్చేసరికి నిలిచింది. వీధంతా వంగి సూదినే చూస్తోంది. కాస్త దిగింది. మళ్ళీ లేచింది. రెండో మర తిప్పాడు. ఇంకాస్త దిగింది. దిగి, దిగి, పడుకుంది.

పెద్దన్న స్క్రూడ్రైవరు మళ్ళీ తమ్ముడి చెవి వెనక దోపాడు. అరచేయి చాపి, తమ్ముడి మీదుగా తల నుంచి కాళ్ళ దాకా గాలిలో మెల్లగా జరిపాడు. ఎక్కడా వేలు లేవలేదు.

"ఇంక ఎత్తండ్రా" అన్నాడు, చాలా మెల్లగా. అది మాత్రం నాకు వినపడింది.